మీట నుంచి మాట దాకా: తెలుగు ఇన్‌పుట్ సాధనాలు, భద్రాచలం సరిహద్దు కోయభాష - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ ఇన్‌పుట్ సాధనాల చరిత్రను యంత్రం మనిషికి క్రమక్రమంగా దగ్గరైన కథగా చెప్పడం పరిపాటి. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో కోయ మాట్లాడేవారి వైపు నిలబడి చూస్తే ఆ కథ అంత సూటిగా సాగదు. టైపురైటర్, ఇన్‌స్క్రిప్ట్, లిప్యంతరీకరణ, పదాన్ని ఊహించే ఫోన్ కీబోర్డు, మాటను గుర్తించే యంత్రం ఏ భాషకు ఎంత చోటు ఇచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భాష తెలియని పాత సాధనం కంటే భాష తెలిసిన కొత్త సాధనమే చిన్న భాషకు ఇరుకైనదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: కోయభాష, భద్రాచలం మన్యం, ఇన్‌స్క్రిప్ట్, లిప్యంతరీకరణ, యూనికోడ్, మాట గుర్తింపు, పడిగె.

ప్రస్తావన:

గోదావరి, శబరి నదుల నడుమ విస్తరించిన భద్రాచలం మన్యం పాలనాపరంగా పలుమార్లు చీలింది. 2014లో పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడివడింది. అడవి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాలు. శబరికి ఎగువన ఒడిశాలోని మల్కన్‌గిరి. ఈ నాలుగు రాష్ట్రాల్లోనూ వినిపించే భాష కోయ. 2011 జనగణనలో దీనిని మాతృభాషగా పేర్కొన్నవారు నాలుగు లక్షల పైచిలుకు. గోండీకి అతి సన్నిహితమైన ఈ భాష, తెలుగుతో పాటు దక్షిణ-మధ్య ద్రావిడ శాఖకు చెందినది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దీనికి స్థానం లేదు.

కోయను కాగితం మీద పెట్టే ప్రయత్నం కొత్తది కాదు. భద్రాచలానికి ఎగువన ఉన్న దుమ్ముగూడెంలో మిషనరీగా పనిచేసిన జాన్ కెయిన్ 1870లలోనే ఇక్కడి కోయల గురించి ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో వ్యాసాలు ప్రకటించాడు. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ముకోయల మాండలికానికి స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది. ఆ రచనలు రెండూ ఇంగ్లీషు చదువరుల కోసం సాగినవి. కోయలు తమ మాటను తామే, తమ చేతిలోని యంత్రంతో రాసుకోవలసి వచ్చినప్పుడు ఎదురయ్యే సమస్య వేరు. కంప్యూటర్‌లో తెలుగు గురించి తెలుగులో వచ్చిన చర్చ చాలావరకు ప్రమాణభాష చుట్టూనే తిరిగింది. తెలుగు లిపి మీద ఆధారపడిన ఇతర భాషల సంగతి అందులో పక్కకు పోయింది.

1. భాష తెలియని సాధనం

ఇన్‌పుట్ సాధనాల చరిత్రను చాలామంది హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డుతో మొదలుపెడతారు. 1890 నాటి అమెరికా జనగణన లెక్కలకు వాడిన ఆ కార్డులో ప్రతి చిల్లుకూ ముందే ఒక అర్థం నిర్ణయమై ఉండేది. చిల్లు కేటాయించని జవాబుకు అక్కడ చోటు లేదు. టైపురైటర్ స్వభావం ఇందుకు భిన్నం. 1870లలో షోల్స్ రూపొందించగా రెమింగ్టన్ సంస్థ అమ్మిన యంత్రపు అమరికే క్వర్టీ పేరుతో కంప్యూటర్ కీబోర్డుకు సంక్రమించింది. అది ఇంగ్లీషు కోసం పుట్టినా, దాని మీద కొట్టిన మాట ఇంగ్లీషు అవునా కాదా అని అడగదు. వరుసగా ఏ మీటలు నొక్కినా ఆ అక్షరాలనే కాగితం మీద పడవేస్తుంది.

తరువాతి మజిలీలు సుపరిచితాలే. 1963లో ఇవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్‌తో తెర మీదనే కాంతికలంతో గీతలు గీయడం సాధ్యమైంది. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను బహిరంగంగా ప్రదర్శించాడు. 1973 నాటి జెరాక్స్ ఆల్టో, 1984 నాటి మాకింటోష్ బొమ్మలూ కిటికీలూ ఉన్న తెరను స్థిరపరిచాయి. 2007లో ఐఫోన్‌తో వేలే మౌస్ అయింది. ఆ పైన మాట వినే యంత్రాలు వచ్చాయి. ఈ క్రమాన్ని వర్ణించే రచనల్లో ‘మనిషి’ అనే పదం ఏకవచనంలో ఉంటుంది. ఆ మనిషి ఏ భాషవాడన్న ప్రశ్న రాదు. మౌస్‌కు ఆ ప్రశ్న అవసరం లేదు కూడా: చూపించడానికి భాష అక్కర్లేదు. రాయడానికీ మాట్లాడడానికీ కావాలి. అందువల్ల విమర్శ నిలవవలసిన చోటు కీబోర్డు, మాట గుర్తింపు అనే ఈ రెండు కొసల వద్దనే.

2. తెలుగు మీటలు: ఆకారం, ధ్వని, ఇంగ్లీషు

తెలుగును మీటల మీదికి తేవడంలో మూడు దృక్పథాలు కనిపిస్తాయి. మొదటిది ఆకారాన్ని నమ్ముకున్నది. తెలుగు టైపురైటర్ అక్షరాన్ని ముక్కలుగా చూసింది; గుడి, కొమ్ము, ఒత్తు వంటి గుర్తులకు వేరే మీటలు, వాటిలో కొన్నింటిని నొక్కితే కాగితం ముందుకు జరగకుండా ఉండే ఏర్పాటు ఇందులోనివే. 1966 నాటి అధికార భాషా చట్టం తరువాత కార్యాలయాల్లో తెలుగు టైపు నేర్చినవారి అవసరం పెరిగింది. లోయర్, హయ్యర్ పరీక్షలు పట్టణాల్లో ఎందరికో ఉపాధి మార్గమయ్యాయి. డీటీపీ కాలంలో అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లు ఈ ఆకార దృష్టినే కొనసాగించాయి. ఫాంటు ఉంటే తెలుగు, లేకుంటే అర్థంకాని రోమన్ గుర్తుల వరుస. ఆ పద్ధతిలో కూర్చిన పుస్తకాలు కాగితం మీద అందంగానే ఉన్నాయి. కానీ వాటి మూల ఫైళ్లు యంత్రం వెదకగలిగే పాఠాలు కావు.

రెండోది ధ్వనిని నమ్ముకున్నది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ విభాగం 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు వచ్చాయి. ఏ భారతీయ లిపిలోనైనా ‘క’కు మీట ఒక్కటే. 1991లో ఐ.ఎస్. 13194గా వెలువడిన ఇస్కీ సంకేతావళిదీ, అంతకు ముందరి ఇస్కీ రూపాన్ని ఆధారం చేసుకున్న యూనికోడ్ తెలుగు విభాగానిదీ ఇదే తర్కం: రాసిన ఆకారం కాదు, పలికిన క్రమమే లెక్క.

మూడోది ఇంగ్లీషు అక్షరాలను వాహనంగా చేసుకున్నది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతి ప్రవాసుల చర్చావేదికల్లో పుట్టి పెరిగింది. 2006లో వచ్చిన లేఖిని దానిని బ్రౌజర్లోకి తెచ్చి అంతర్జాలంలో తెలుగు రాతకు ఎంతో ఊతమిచ్చింది. ఈ మేలును తక్కువ చేయలేం. అయితే ఈ పద్ధతి ఊహించుకున్న రచయిత ఎవరో గమనించాలి. అతనికి ఇంగ్లీషు మీటలు అప్పటికే అలవాటు. తెలుగు ఇంటి భాష. ఆశ్రమ పాఠశాలలో చదివే కోయ విద్యార్థికి కోయ మొదటి భాష, తెలుగు రెండోది, ఇంగ్లీషు మూడోది. లిప్యంతరీకరణలో ఆ విద్యార్థి తన మొదటి భాషను రాయాలంటే మూడో భాష గుమ్మం గుండా లోనికి వచ్చి, రెండో భాష అక్షరాల్లో బయటికి రావాలి. హ్యూస్టన్‌లో దగ్గరి దారి అయినది చర్లలో చుట్టుదారి అయింది.

3. మూలకు చేరిన ఎ, ఒ

ఇన్‌స్క్రిప్ట్ అమరికను ఒక పాఠంగా చదివితే దాని ఇష్టానిష్టాలు తెలుస్తాయి. అల్పప్రాణాలకు నేరు మీట, మహాప్రాణాలకు అదే మీట మీద షిఫ్ట్. ద్రావిడ భాషల దేశ్యపదజాలంలో మహాప్రాణాలు లేవు గనుక ఈ ఏర్పాటు కోయకు అనుకూలమే. రామదాసు కీర్తనలు అచ్చుకు ఎక్కించే భద్రాచలం డీటీపీ కేంద్రానికి షిఫ్ట్ మీట ఎంత అవసరమో, ఆ ఊరి సంతకు వచ్చే కోయల మాటకు అది అంత అనవసరం. ఇది అమరికలోని సుగుణం.

అచ్చుల దగ్గర తీరు మారింది. టైపు చేసేవారి వేళ్లు విశ్రమించే నడిమి వరుసలో ఎడమచేతి కింద ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము ఉన్నాయి. హ్రస్వమైన ఎత్వం అడుగు వరుసలో జెడ్ మీట మీద ఉంది. హ్రస్వమైన ఒత్వం అంకెల వరుసకు ఎడమ కొసన, ఒకటో అంకెకు అవతల ఉంది. చిటికెనవేలు సాగదీస్తే తప్ప అందని స్థానమది. కారణం ఊహించడం కష్టం కాదు. హిందీ రాతకు ఏ, ఓలు చాలు. వాటి హ్రస్వాలకు ప్రత్యేక గుర్తులు నిత్యవ్యవహారంలో లేవు. దేవనాగరి లెక్కను పునాదిగా వేసుకున్న అమరికలో దక్షిణాది హ్రస్వాలు మిగిలిన ఖాళీల్లో సర్దుకున్నాయి. నెలకూ నేలకూ అర్థభేదం చూపే భాషకు ఎత్వం అదనపు సరుకు కాదు. కోయలోనూ ఈ హ్రస్వ దీర్ఘ భేదం అర్థాన్ని మార్చేదే. అన్ని లిపులకూ ఒకే అమరిక అన్న ఉదార లక్ష్యంలో ఏ భాషను కొలబద్దగా తీసుకున్నారో ఈ రెండు మీటలు బయటపెడతాయి.

తెలుగు టైపిస్టులు ఇన్‌స్క్రిప్ట్‌ను అంతగా ఆదరించకపోవడానికి ఇదే కారణమని అనడం అతిశయోక్తి. పాత అలవాటు, డీటీపీ రంగపు యాపిల్ అమరిక, ఇంగ్లీషు మీటల పరిచయం అంతకంటే బలమైన కారణాలు. అయినా మూడున్నర దశాబ్దాలకు పైగా ప్రమాణంగా ఉన్న అమరికలో ఆ హ్రస్వాలు మూలలోనే ఉండిపోయాయి.

4. ఒక భాష, మూడు లిపులు

ఇంత చెప్పినా, ఇన్‌స్క్రిప్ట్ వదిలేసిన ఒక అవకాశం కోయ విషయంలోనే బాగా కనిపిస్తుంది. చింతూరు బడిలో కోయ పిల్లవాడు నేర్చేది తెలుగు లిపి. సుక్మాలో అదే భాష మాట్లాడే పిల్లవాడికి దేవనాగరి, మల్కన్‌గిరిలో ఒడియా. 2005 తరువాతి ఘర్షణల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి ఖమ్మం అడవుల్లోకి వలసవచ్చిన గొత్తికోయల గూడేల్లో ఒకే కుటుంబంలోని వారు వేర్వేరు లిపుల్లో అక్షరాస్యులు కావడం అసహజం కాదు. వారు ఒకరికొకరు ఫోన్లో మాట్లాడుకోగలరు, ఉత్తరం రాసుకోలేరు. అన్నిటా ఒకే మీటకు ఒకే ధ్వనిని ఇచ్చే అమరిక ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే. చింతూరులో నొక్కిన మీటల వరుసనే సుక్మాలో నొక్కితే అదే కోయ మాట దేవనాగరిలో వస్తుంది. ఎ, ఒల మీటలు దేవనాగరి అమరికలోనూ ఉన్నాయి గనుక అక్కడా మాట చెడదు. ఒడియాలో మాత్రం చిక్కు వస్తుంది. ఆ లిపిలో హ్రస్వ ఎ, ఒలకు అక్షరాలే లేవు. యూనికోడ్ ఒడియా విభాగంలోనూ వాటికి సంకేతాలు లేవు. మల్కన్‌గిరికి చేరేసరికి నెల, నేల వంటి జంటలు ఒకటైపోతాయి. ఇది మీటల లోపం కాదు, లిపి లోపం.

లిపి మీద శ్రద్ధ మరోవైపు నుంచి వచ్చింది. మంగళ్‌సింగ్ మసరాం 1918లో రూపొందించిన గోండీ లిపి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామపు రాతప్రతుల్లో బయటపడిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. తెలుగు విభాగంలోకి ౘ, ౙలు 2008లో, అక్షరం కింద పెట్టే చుక్క 2021లో వచ్చాయి. సంకేతాల పట్టికలో చోటు దొరికినంత మాత్రాన వేలి కింద మీట దొరకదు. మొబైల్ ఫోన్లలో భారతీయ భాషల వాడకానికి 2016లో వచ్చిన ఐ.ఎస్. 16333 మూడో భాగం 22 అధికార భాషల్లో చదివే వీలును, హిందీ, ఇంగ్లీషులతో పాటు మరొక అధికార భాషలో రాసే వీలును తప్పనిసరి చేసింది. 2003 రాజ్యాంగ సవరణతో షెడ్యూలులో చేరిన సంతాలీ, బోడో ఈ గొడుగు కిందికి వచ్చాయి. కోయ రాలేదు. తెలుగు మీటల మీద అది అద్దెకు ఉంటోంది.

5. ఊహించే కీబోర్డు

అద్దె ఇల్లయినా ఇబ్బంది లేదు, ఇంటి యజమాని లోనికి తొంగిచూడనంత కాలం. టైపురైటరూ, ఇన్‌స్క్రిప్టూ, ఆర్.టి.ఎస్. కూడా ఇలాంటి యజమానులే. ఆర్.టి.ఎస్. నియమాల ప్రకారం చిన్న, పెద్ద రోమన్ అక్షరాలతో తకారమూ టకారమూ వేర్వేరుగా సూచించవచ్చు. నియమం తెలిస్తే కోయ మాటైనా, పిచ్చిరాతైనా రాసినది రాసినట్టు వస్తుంది. నేర్చుకోవడానికి కష్టమే. కానీ ఆ కష్టానికి ప్రతిఫలం ఉంది.

స్మార్ట్‌ఫోన్ కీబోర్డు ఈ కష్టాన్ని తొలగించింది. చిన్న, పెద్ద అక్షరాల పట్టింపు లేకుండా తోచినట్టు రోమన్‌లో కొడితే, తనకు తెలిసిన పదాల నుంచి దగ్గరిదాన్ని ఏరి అది చూపుతుంది. తెలుగు రాసేవారికి ఇది వరం. అయితే ఊహించడమంటే ఎక్కువగా వాడినదానికి మొగ్గడమే. ఆ లెక్క తెలుగు పాఠాల నుంచి కట్టినది. అందులో లేని కోయ క్రియారూపం కొడితే దానికి దగ్గరగా ఉన్న తెలుగు మాట ముందు వరుసలోకి వస్తుంది. రాసేవారు ప్రతిసారీ ఆ సూచనను తోసిపుచ్చి తమ మాటను నిలబెట్టుకోవాలి. సహాయకుడు దిద్దేవాడుగా మారిన తీరు ఇది.

రెండు భాషల్లో ఒకే రూపం ఉన్న మాటల దగ్గర చిక్కు మరింత సూక్ష్మం. కోయలో ‘ఏరు’ అంటే నీరు, తెలుగులో వాగు. కోయ ‘లోను’ ఇల్లు. తెలుగులో ‘లోపల’ అన్న అర్థానికి దగ్గర. ఇలాంటి చోట యంత్రం అక్షరాలను సరిగ్గానే వేస్తుంది. వెదికినప్పుడో, అనువదించినప్పుడో మాత్రం నీటిని అడిగినవారికి వాగును చూపుతుంది. తప్పు జరిగిన ఆనవాలు కూడా తెర మీద మిగలదు. ఇది అక్షరదోషం కంటే ప్రమాదకరం, ఎందుకంటే దీనిని దిద్దుకునే అవకాశం రాసేవారికి కనిపించదు.

6. గుర్తించే యంత్రం, మోసే యంత్రం

మాటతో పనిచేసే యంత్రం నిరక్షరాస్యులకు విముక్తి అని చాలామంది ఆశించారు. గూగుల్ మాట టైపింగు 2017 ఆగస్టులో తెలుగుతో సహా 8 భారతీయ భాషలకు విస్తరించింది. చదువు అవసరం లేకుండా యంత్రాన్ని వాడవచ్చునన్నది నిజమే. కానీ దీనికి చదువు బదులు మరొక అర్హత కావాలి: యంత్రానికి నేర్పిన భాషలో, నేర్పిన ఉచ్చారణకు దగ్గరగా మాట్లాడాలి. కీబోర్డు మీద తెలియని మాటను కొట్టవచ్చు. మాట గుర్తింపు యంత్రం తెలియని మాటను విన్నప్పుడు దానిని తెలిసిన మాటగా మార్చి రాస్తుంది, లేదా వదిలేస్తుంది. హాలరిత్ కార్డు సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. చిల్లు లేని జవాబు మళ్లీ చోటు లేనిదయింది. ఈసారి చిల్లులు పైకి కనిపించవు.

ఒక మినహాయింపు ఇదే సరిహద్దుకు అవతల ఉంది. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌదరి ప్రారంభించిన సీజీనెట్ స్వర సాధారణ ఫోన్ మీద నడిచే వ్యవస్థ. ఒక నంబరుకు ఫోన్ చేసి, చెప్పదలచినది చెప్పడానికి ఒక మీట, ఇతరులు చెప్పినది వినడానికి మరొక మీట నొక్కాలి. గోండీలో చెప్పినా, హిందీలో చెప్పినా యంత్రం దానిని గుర్తించే ప్రయత్నం చేయదు. రికార్డు చేసి మోస్తుంది. విని, నిర్ధారించుకుని విడుదల చేసేది మనుషులే. చేతిపంపు పనిచేయడం లేదనో, కూలి అందలేదనో చెప్పే గొంతు అధికారి దాకా చేరిన సందర్భాలు అందులో ఉన్నాయి. సాంకేతికంగా మాట గుర్తింపు కంటే ఇది చాలా సామాన్యమైన ఏర్పాటు. అయినా కోయ, దోర్లా మాట్లాడేవారికి ఇందులో ఉన్న స్వేచ్ఛ ఖరీదైన ఫోన్‌లో లేదు. టైపురైటర్‌కు ఉన్న గుణమే దీనికీ ఉంది: భాష తెలియకపోవడం.

కోయ సమాజానికి ఇలాంటి మాధ్యమం పూర్తిగా అపరిచితమూ కాదు. వంశగాథలు పాడే డోలీలు పడిగె అనే బొమ్మల గుడ్డను ఆధారంగా చేసుకుంటారు. పడిగె మీద అక్షరాలు ఉండవు. బొమ్మ గాయకుడి జ్ఞాపకానికి కొక్కెం, కథ అతని గొంతులో ఉంటుంది. 2022లో పద్మశ్రీ అందుకుని 2024లో కన్నుమూసిన సకిని రామచంద్రయ్య ఈ సంప్రదాయానికి చెందిన కళాకారుడు. అలాంటివారి గానాన్ని ధ్వనిగా భద్రపరచడం ఒక పని, పాఠంగా మార్చడం మరొక పని. మొదటిదానికి రికార్డరు చాలు. రెండోదానికి కోయ పదాల పట్టిక, రాతలో ఒక అంగీకారం, వినే యంత్రానికి శిక్షణ కావాలి. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025లో తెచ్చిన ఆదివాణి సంతాలీ, భిలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. గోండీ చేరడం కోయకు ఆశాజనకమే. అయితే గోండీ అన్న పేరు కింద కోయ కూడా లెక్కకు వచ్చిందని సరిపెట్టుకుంటే, తెలుగు పేరు కింద జరిగినదే మరొక పేరు కింద మళ్లీ జరుగుతుంది.

పని మొదలుపెట్టడానికి ముడిసరుకు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 8 గిరిజన భాషల్లో ప్రారంభమైన బహుభాషా విద్యా కార్యక్రమంలో కోయ ఒకటి. తెలుగు లిపిలో కోయ వాచకాలు తయారై ఖమ్మం జిల్లా బడుల్లోకి వెళ్లాయి. వాటిని యూనికోడ్ పాఠంగా మార్చి, కోయ ఉపాధ్యాయుల చేత సరిచూయించి, ఊహించే కీబోర్డుకు పదకోశంగా ఇస్తే తెలుగు సూచనల పక్కన కోయ సూచన కూడా కనిపిస్తుంది. హ్రస్వ ఎ, ఒలను నడిమి వరుసకు తెచ్చే అమరికను ఇప్పుడున్న ఉచిత ఉపకరణాలతోనే తయారుచేయవచ్చు. ఈ పనికి పెద్ద సంస్థ అవసరం లేదు. ఒక విశ్వవిద్యాలయ శాఖ, కొన్ని ఆశ్రమ పాఠశాలలు కలిస్తే సరిపోతుంది. మొదటి పేజీలోనే తేల్చుకోవలసిన చిక్కులు మాత్రం ఉన్నాయి. ‘ఏరు’కు ఎదురుగా నీరు అని రాయాలా, వాగు అని కూడా రాయాలా? గొమ్ముకోయల రూపాన్ని ముందు పెట్టాలా, గొత్తికోయల రూపాన్నా? వీటికి జవాబు చెప్పవలసినవారు దుమ్ముగూడెంలో, చింతూరులో ఉన్నారు.